రేడియో రత్నమ్మత్త కాగితాలు

గిద్దలూరు నుంచి ప్రసాదు ఫోన్ చేసినప్పుడు నేను మార్కాపురంలో మా ఇంటి వసారాలో కూచొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ప్రసాదు మా మేనత్త కొడుకు, నాకంటే చిన్నవాడు, నన్ను వదినా అంటాడు. దుకాణం మీది పాత గది కూలగొట్టి గోడౌన్ కట్టుకుంటున్నానని, అందులో వాళ్ళమ్మ కాగితాలున్న రేకు డబ్బాలు కిందికి దింపించినానని, ఒక యూనివర్సిటీ లైబ్రరీవాళ్ళు వాటిని అడుగుతున్నారని చెప్పినాడు. మంచిదే గదా, ఇచ్చెయ్యి అంటే కాసేపు నసిగినాడు. ఆ కాగితాల్లో ఎవరెవరి పేర్లున్నాయో, అమ్మ ఎంతమంది మీద అర్జీలు పెట్టిందో తనకు సరిగ్గా తెలియదని, రేపు ఎవరైనా వచ్చి దుకాణం ముందర నిలబడి అడిగితే ఏం చెప్పాలని వాడి భయం. నువ్వొచ్చి చూసి ఇవ్వమంటే ఇస్తానన్నాడు. మరుసటి పొద్దున బస్సెక్కినాను. బేస్తవారిపేట, కంభం దాటి పోయే ఆ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఏ మలుపులో నల్లమల దగ్గరికొస్తుందో, ఎక్కడ దూరం జరుగుతుందో వయసులో ఉన్నప్పుడే ఒంటికి పట్టింది.

మా రత్నమ్మత్త గురించి ఈ తట్టు నా వయసువాళ్ళకు కొత్తగా చెప్పే పనిలేదు. పూర్తి పేరు సుబ్బరత్నమ్మ. రేడియోలో ఆడవాళ్ళ కార్యక్రమంలో వారం వారం మాట్లాడేది కాబట్టి అందరికీ రేడియో రత్నమ్మ. అదే రత్నమ్మ మిగిలిన రోజుల్లో పలకల క్వారీల కూలీల కోసం, అడవిలోని చెంచుల కోసం, హోటల్లో వేరే గ్లాసు పెట్టినారని బాధపడి వచ్చినవాళ్ళ కోసం అర్జీలు రాసి, ఆఫీసుల చుట్టూ తిరిగి, కోర్టు వరండాల్లో కూచునేది. ఇప్పుడు దాన్ని పౌరహక్కుల పని అంటున్నారు. ఆమె మాత్రం ఆ మాట వాడినట్టు నాకు గుర్తులేదు. ఎవరైనా అడిగితే, "వాళ్ళు చెప్పేది వినేవాళ్ళు లేరు, అంతే" అనేది.

ప్రసాదు డబ్బాలన్నీ దుకాణం వెనక గదిలో వరసగా పెట్టించినాడు. మూత తీయంగానే వస కొమ్ము వాసన గుప్పుమనింది. పురుగు పట్టకుండా అత్త ప్రతి డబ్బాలో వసకొమ్ములు, ఎండు వేపాకు వేసి పెట్టేది. లైబ్రరీ తరఫున శ్రావణి అనే అమ్మాయి వచ్చింది. చేతులకు తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకొని, పసిబిడ్డకు చొక్కా విప్పినంత నెమ్మదిగా ఒక్కొక్క కాగితం విప్పుతుంది. మధ్యాహ్నం దాకా పనిచేసినాక ఆ అమ్మాయి నన్ను అడిగింది, అర్జీలన్నీ రెండు చేతిరాతల్లో ఉన్నాయి మేడమ్, ఒకటి రత్నమ్మగారిది, ఈ గుండ్రటి అక్షరాలు ఎవరివని. అవి నావి. పదహారు పదిహేడేళ్ళప్పటి నా అక్షరాలు. చెప్పంగానే ఆమె తన కాగితం మీద నా పేరు రాసుకుంది. అప్పటిదాకా ఆ డబ్బాలకు నేను చుట్టాన్ని. ఆ తర్వాత వాటిలో మనిషినైనాను.

నేను అత్త ఇంటికి చేరింది మా అమ్మ జబ్బు వల్ల. మా నాయన మార్కాపురంలో పలకల వ్యాపారి. మా ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా వేలికి బూడిదరంగు పొడి అంటేది. అన్నం గిన్నె మీద మూత లేకపోతే మెతుకుల్లో కూడా పంటికింద కరకరమనేది. అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది, పిల్లల్ని దూరంగా ఉంచమన్నాడు డాక్టరు. తమ్ముణ్ణి అమ్మమ్మ ఇంటికి పంపినారు, నన్ను కాలేజీ చదువుకని గిద్దలూరు పంపినారు. అత్త ఇంట్లో అడుగుపెట్టంగానే నాకు మొదట తెలిసింది ముక్కుతోనే. ముందర దుకాణం, వెనక ఇల్లు, ఇంకా వెనక పెద్ద పెరడు. బెల్లం, చింతపండు, కుంకుడుకాయలు, ఎండు మిరపకాయలు, చెంచులు తెచ్చే తేనె, బంక, ఈ వాసనలన్నీ ఇంటి గోడల్లోకి ఇంకిపోయి ఉండేవి. స్నానం చేసి ఉతికిన బట్ట కట్టుకున్నా కాలేజీలో నా పక్కన కూచున్న పిల్ల, మీ ఇంట్లో ఈరోజు మిరపకాయలు దిగినాయా అని అడిగేది.

అత్త పొద్దున్నే లేచి కల్లాపి చల్లి, ఉప్పు వేసిన వేడినీళ్ళతో గొంతు పుక్కిలించేది. ఆ తర్వాత చిన్న కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకునేది. అది కరిగిందాకా ఎవరితోనూ మాట్లాడదు. ఏం కావాలన్నా చేత్తోనే సైగ. మామ కొట్టు తెరిచి, త్రాసు తుడిచి, దేవుడి పటానికి కడ్డీ వెలిగించి, ఆమె మౌనం చూసి, ఈ ఇంట్లో నేను మాట గెలిచేది ఈ కాసేపే అనేవాడు నవ్వుతూ. ఆయన నెమ్మది మనిషి. రేడియోను దుకాణం గుంజకు మేకు కొట్టి వీధివైపు తిప్పి తగిలించినాడు. భార్య గొంతు అందులో వచ్చే వేళకు కొనేవాళ్ళు ఎంతమంది ఉన్నా త్రాసు కింద పెట్టేసేవాడు. సజ్జ రొట్టె చేసిన రోజు మామకు పండగ. అందులోకి పచ్చిమిరపకాయల కారం, వెన్న. ఉలవలు ఉడికిన రోజు నాకు పండగ.

పెరట్లో రోజూ కొంతమంది ఆడవాళ్ళు చింతపండుకు గింజలు తీసేవాళ్ళు. రాయి మీద కాయ పెట్టి చిన్న సుత్తితో కొట్టే చప్పుడు పొద్దంతా వినపడేది. అత్త రేడియోకు రాసుకున్న ప్రసంగం ముందర వాళ్ళకు చదివి వినిపించేది. ఆమె చదువుతుంటే వాళ్ళు పని చేసుకుంటూనే ఉండాలి, అది ఆమె పెట్టిన నియమం. చప్పుడు ఆగకుండా సాగుతుంటే ఆ ముక్కలో పసలేదని కొట్టేసేది. సుత్తులు ఆగినాయంటే ఆ మాట ఉంచేది. నేను చాలా ఏళ్ళు పాఠాలు చెప్పినాను, కొన్ని పుస్తకాలు రాసినాను, సభల్లో కూడా మాట్లాడినాను. రాయడం గురించి నాకు తెలిసిందాంట్లో చాలా భాగం ఆ పెరట్లో నేర్చుకున్నదే.

రేడియోవాళ్ళు ఆమెను మొదట పిలిచింది కొర్రలతో వంటలు చెప్పమని. గొంతు బాగుందని వారం వారం పిలవడం మొదలుపెట్టినారు. ప్రసంగం రాసి పంపితే అక్కడ ఎవరో దాన్ని టైపు చేయించి, మన మాటలు తీసేసి వాళ్ళ మాటలు పెట్టి తిరిగి పంపేవాళ్ళు. ఆమె 'వచ్చినారు' అని రాస్తే 'వచ్చారు' అని, 'అట్ల' అంటే 'అలా' అని వచ్చేది. అత్త ఆ టైపు కాగితం మీద పెన్సిలుతో మళ్ళీ తన మాటలు రాసుకొని, మైకు ముందర అవే చదివేది. ఆ పెన్సిలు గుర్తులు ఇప్పటికీ చెరగలేదు. శ్రావణి వాటిని చూసి ఇవి తప్పులా దిద్దుబాట్లా అని అడిగింది. నేను ఈ జ్ఞాపకాలు ఏ మాటల్లో రాస్తున్నానో చూస్తే జవాబు తెలుస్తుంది.

అర్జీ రాయించుకునేదానికి వచ్చినవాళ్ళకు అత్త ముందు అన్నం పెట్టేది. ఆకలితో ఉన్న మనిషి సంగతి వరసగా చెప్పలేడని ఆమె అనుభవం. తిన్నాక, ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది అని అడిగి రాసుకొని, తిరిగి చదివి వినిపించేది. అట్ల కాదమ్మా అని వాళ్ళంటే కొట్టేసి మళ్ళీ రాసేది. చివరికి నేను కార్బన్ పెట్టి శుభ్రంగా ఎత్తి రాయాలి. నాకు ఒక్కటే కట్టడి: అక్షరం దిద్దొచ్చు, మాట మార్చగూడదు. కొమరోలు నుంచి వచ్చిన ఒక ముసలాయన, మా బోరు కాడికి మమ్మల్ని రానీయరు అన్నాడు. నేను దాన్ని, నీటి వసతి నిరాకరించబడింది అని రాసి మురిసిపోయినాను. అత్త దాన్ని ఆయనకే చదివి వినిపించింది. ఆయన కాసేపు ఆలోచించి, ఇది ఎవరి సంగతమ్మా అన్నాడు. ఆ కాగితం నాచేత మళ్ళీ రాయించింది.

అంకమ్మ మా ఇంటికి వచ్చింది ఎండలు ముదిరిన కాలంలో. ఆమె చెంచుల మనిషి, అప్పటికి ఇరవై దాటి ఉంటాయి. భర్త లింగన్నతో కలిసి తేనె, కుంకుడుకాయలు తెచ్చి మామకు అమ్మేది కాబట్టి ఆమెను నేను ఎరుగుదును. ఆరోజు చేతిలో ఏమీ లేదు. టేకు దుంగలు కొట్టినాడని లింగన్నను జీపులో ఎక్కించుకొని పోలీస్ స్టేషన్‌కు తీసుకపోయినారని, తాను వెనకే నడుచుకుంటా వచ్చి అడిగితే, అట్లాంటి మనిషి ఇక్కడ లేడంటున్నారని చెప్పింది. అది ఏ స్టేషనో నేనిక్కడ రాయను, జవాబు చెప్పుకునేదానికి అప్పటివాళ్ళెవరూ ఇప్పుడు లేరు. అత్త ఆమెకు అన్నం పెట్టింది, తినలేకపోయింది. చెప్పులేసుకొని అప్పుడే బయల్దేరింది అత్త. వెంట నేనూ పోయినాను. లోపలినుంచి ఒకతను వచ్చి ఆ పేరుగలవాడెవరూ లేడని మాకూ చెప్పినాడు. అంకమ్మ ఏమీ మాట్లాడకుండా పక్క కిటికీ చూపించింది. ఊచకు ఒక ఎర్రంచు తుండుగుడ్డ కట్టి ఉంది. అది లింగన్నది.

మనిషి ఉన్నాడని ఒప్పుకుంటే కోర్టుకు తీసుకపోవాలి. ఒప్పుకోకపోతే ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. అత్త భయమంతా అదే. అధికారులందరికీ అర్జీలు పెట్టింది, తంతి కొట్టింది. ఎక్కడినుంచీ ఉలుకూ పలుకూ లేదు. అంకమ్మ రోజూ పొద్దున పోయి స్టేషన్ ఎదురుగా టీ హోటల్ పక్కన కూచునేది, సాయంత్రం మా ఇంటికి వచ్చేది. ఈలోగా ఒకాయన మఫ్టీలో దుకాణానికి వచ్చి, చెంచులు తెచ్చే సరుకు కొంటున్నావు గదా, దొంగ సరుకు కొన్నావని నీమీద కూడా కేసు రాయొచ్చు శెట్టీ అని మామతో చెప్పిపోయినాడు. మామ ఆయనకు మర్యాదగా సోడా తాగించి పంపినాడు. తర్వాత ఒకే బెల్లం దిమ్మను రెండుసార్లు తూచినాడు. కానీ అత్తతో ఆ పని మానుకోమని అనలేదు.

ఆ కబురు మార్కాపురం చేరింది. రెండోరోజుకే మా నాయన దిగినాడు. వచ్చీరాకముందే బట్టలు సర్దుకోమన్నాడు నన్ను. పోలీసులొచ్చే ఇంట్లో ఆడపిల్లను ఎట్ల ఉంచేదని అక్కను నిలదీసినాడు. అత్త గట్టిగా ఏమీ అనలేదు. నీ బిడ్డ, నీ ఇష్టం, కానీ పోయే ముందు దాన్ని ఒకమాట అడుగు అంది. నాయన నావైపు తిరిగినాడు. ఇంట్లో ఏ సంగతైనా నన్ను అడగడం ఆయనకు అదే మొదలు.

"అర్జీ సగంలో ఉంది నాయనా," అన్నాను. "అది అయిపోయినాక రమ్మంటే వస్తా."

"అది అయిపోయేదెప్పుడు?"

"ఆయన ఇంటికొచ్చినప్పుడు."

నాయన కాళ్ళు కడుక్కొని వచ్చినాడు. భోజనానికి కూచున్నాడు. ఎదురుగా వరండాలో అంకమ్మ కంచం ముందర పెట్టుకొని తినకుండా ఉండటం ఆయన కంటబడింది. మరుసటి పొద్దున ఒక్కడే బస్సెక్కి వెళ్ళిపోయినాడు. పోతా పోతా నాచేతిలో కొత్త పెన్ను పెట్టినాడు. ఆ పెన్ను కంటే, ఆ పూట నేను నా నోటితో ఒక నిర్ణయం చెప్పడం, దాన్ని ఇద్దరు పెద్దలు ఒప్పుకోవడం నాకు ఎక్కువ. ఆ తర్వాత జీవితంలో చాలాసార్లు, ఉద్యోగంలో, ఇంట్లో, నిలబడాల్సి వచ్చినప్పుడు వెనకడుగు వెయ్యలేదంటే అందుకే.

ఆ వారమే రేడియో రికార్డింగుకు అత్త పక్క జిల్లాకు పోవాలి. ముందే ఒప్పుకున్న విషయం, అడవి తేనె, దాని ఉపయోగాలు. తేనె గురించి చెప్పాల్సింది తేనె దింపేవాళ్ళు గదా అని అంకమ్మను వెంటబెట్టుకుంది. బస్సు పడక ఆమె దారిపొడుగునా వాంతులు చేసుకుంటుంటే నేను నిమ్మకాయ వాసన చూపిస్తా కూచున్నాను. స్టూడియో గది గోడలన్నీ చిల్లులున్న అట్టలు, బయటి చప్పుడు ఒక్కటీ వినపడదు. అంకమ్మ అటూ ఇటూ చూసి, వినేవాళ్ళు ఏడ ఉన్నారక్కా అని అడిగింది. వాళ్ళంతా మన గిద్దలూరులో, కంభంలో, మార్కాపురంలో ఎవరింట్లో వాళ్ళున్నారు, నువ్వు మాత్రం నాతో మాట్లాడు చాలు అంది అత్త. నేను అద్దం అవతల కార్యక్రమం చూసే ఆఫీసరు పక్కన నిలబడినాను.

తేనె ఏ నెలలో మంచిదో, పొగ ఎట్ల పెడతారో, పిల్లలకు ఎంత పట్టాలో అన్నీ అడిగింది అత్త. కొండ అంచు నుంచి దిగేటప్పుడు తాడు ఎవరు పట్టుకుంటారని అడిగితే, మా అన్న పట్టుకుంటాడు, ఆయన చెల్లెలి మొగుడు గదా కింద ఉండేది, చెయ్యి వదలడు అని చెప్పింది అంకమ్మ. ఆ తర్వాత అత్త గొంతు ఏమాత్రం మార్చకుండా అడిగింది.

"ఇప్పుడు మీ ఇంట్లో తేనె ఉందా అంకమ్మా?"

"లేదక్కా. దింపే మనిషి లేడు."

"ఎక్కడికి పోయినాడు?"

"జీపులో తీసుకపోయినారు. అడిగితే లేడంటారు. ఆయన తుండుగుడ్డ కిటికీకి ఉంది. నిన్న కూడా చూసినా."

నా పక్కన ఆఫీసరు తల వంచుకొని విన్నాడు. బయటికి వచ్చినాక, ఇది నిజమేనా అమ్మా అని అత్తను అడిగినాడు. ఆమె నోటితోనే విన్నారు గదా సార్ అంది అత్త. ఆ ముక్క కోసెయ్యమని తన పక్కవాళ్ళు అంటుంటే ఆయన కాసేపు టేపు వైపు చూసి, ఆడవాళ్ళ కార్యక్రమంలో ఒక ఆడమనిషి భర్త ఇంట్లో లేడని చెప్పింది, ఇందులో కొయ్యాల్సింది ఏముంది అని సంతకం పెట్టినాడు. ఆయన ముఖం నాకు గుర్తులేదు. సంతకం పెట్టిన చెయ్యి గుర్తుంది.

కార్యక్రమం వచ్చిన మధ్యాహ్నం అత్త నన్ను అంకమ్మ దగ్గరికి పంపింది, ఒక్కతే వినగూడదని. టీ హోటల్లో రేడియో ఎప్పుడూ గట్టిగానే మోగుతుంది. అత్త గొంతు వచ్చింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తేనె సంగతి వచ్చినప్పుడు టీ పోసే ఆయన తల తిప్పినాడు. అంకమ్మ మాట మొదలయ్యేసరికి ఆమె నా చెయ్యి పట్టుకొని, అది నేనేనా పాపా అని అడిగింది. నువ్వే అంకమ్మక్కా అన్నాను. ఆమె వేరే ఎవరో చెబుతుంటే విన్నట్టు శ్రద్ధగా విన్నది. ఒప్పుకున్న చోట తల ఊపింది. తుండుగుడ్డ మాట రాంగానే హోటల్లో ఉన్నవాళ్ళంతా ముందు రేడియో వైపు, తర్వాత ఆమె వైపు, ఆ తర్వాత రోడ్డు అవతల కిటికీ వైపు చూసినారు. తుండుగుడ్డ అక్కడే ఉంది. లోపలి నుంచి ఒకతను మెట్ల మీదికి వచ్చి కార్యక్రమం అయిపోయిందాకా నిలబడినాడు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఒక్క రాయి వెయ్యలేదు. కార్యక్రమం అయిపోయింది గానీ ఎవరూ లేచి పోలేదు. బస్సు దిగినవాళ్ళు ఏమైందని అడిగి వాళ్ళూ కూచున్నారు. హోటల్ ఆయన లోపలి బల్ల తెచ్చి అంకమ్మకు వేసి కూచోమన్నాడు.

ఆ మధ్యాహ్నమే మార్కాపురంలో పలకల షెడ్డులో మా నాయన కూడా విన్నాడు. చేతి పొడి దులుపుకొని నేరుగా తనకు తెలిసిన వకీలు ఇంటికి పోయినాడట. మరుసటి పొద్దున పోలీసులు లింగన్నను కోర్టుకు తీసుకొచ్చేసరికి ఆ వకీలు అక్కడ నల్లకోటు వేసుకొని నిలబడి ఉన్నాడు. అతన్ని అంతకుముందు రోజే పట్టుకున్నట్టు రాసినారు. అయినా మనిషి వెలుగులోకి వచ్చినాడు, మాకు అది చాలు. జామీను మీద బయటికి వచ్చినాడు. కొన్నేళ్ళు నడిచి కేసు కొట్టేసినారు. కానీ అతని కుడి భుజం మళ్ళీ పైకి లేవలేదు. కొండ అంచు దిగడం అతనికి అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత అంకమ్మ అన్న దిగేవాడు, లింగన్న పైన కూచొని పొగ చూసుకునేవాడు.

అత్తను రేడియోవాళ్ళు మళ్ళీ పిలవలేదు. వద్దన్న ఉత్తరం కూడా రాలేదు. పిలుపు ఆగిపోయింది, అంతే. సంతకం పెట్టిన ఆఫీసరును దూరం బదిలీ చేసినారని తర్వాత తెలిసింది. అత్తకు బాధ కలగలేదని నేను చెప్పను. ఆ వేళకు రేడియోలో వేరే గొంతు వస్తుంటే లేచి పెరట్లోకి పోయేది. మామ ఇది చూసి ఒకరోజు రేడియోను మేకు నుంచి తీసి లోపల పెట్టబోయినాడు. అత్త వద్దంది. వీధిలోవాళ్ళు వినేదాన్ని నాకోసం ఎందుకు ఆపాలంది. తర్వాత ఒకరోజు కరక్కాయ కరిగినాక నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నా గొంతు ఒక మనిషిని ఇంటికి చేర్చింది పాపా. శెట్టి ఇంటి కోడల్ని, బేరం నాకు తెలుసు. ఇది మంచి బేరం." ఆమె పోయిందాకా అర్జీలు రాస్తూనే ఉంది. అంతదూరం వెలిగండ్ల నుంచి కూడా మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఇప్పుడు శ్రావణి బయటికి తీసిన కాగితాల్లో ఆనాటి ప్రసంగం ఉంది. అందులో అత్త అడగాల్సిన ప్రశ్నలు మాత్రమే టైపు చేసి ఉన్నాయి. జవాబుల చోట చుక్కలు. టేపు ఏమైందని శ్రావణి రేడియో స్టేషన్‌ను ముందే అడిగిందట. ఆ రోజుల్లో టేపులు తుడిచి మళ్ళీ వాడుకునేవాళ్ళు, ఏదీ మిగల్లేదు. అదే డబ్బాలో కేసు కాగితం నకలు కూడా ఉంది. అందులో లింగన్న పేరు పక్కన 'అలవాటుపడిన దొంగ' అని రాసి ఉంది. ప్రసాదు భయపడింది ఇట్లాంటి కాగితాల గురించే. నాకు భయం కలగలేదు గానీ, అంకమ్మ బతికుండంగా ఆమెను అడగకుండా ఈ కాగితం ఇంకొకరి చేతికి ఇయ్యగూడదనిపించింది. ప్రసాదు కారు తీసినాడు. ముగ్గురం అంకమ్మ వాళ్ళ గూడేనికి పోయినాము.

గూడెంలో ఇప్పుడు సిమెంటు ఇళ్ళు, వాటి మీద డిష్షులు. అంకమ్మ జుట్టంతా నెరిసింది, నడుము వంగింది, చూపు మాత్రం అదే. లింగన్న పోయి చాలా ఏళ్ళైంది. మనవరాలు మాకు టీ ఇచ్చి, ఫోను చేతిలో పట్టుకొని పక్కన కూచుంది. ఆ ఫోను చూస్తే నాకు ఆ బస్సు ప్రయాణం, ఆ నిమ్మకాయ గుర్తొచ్చినాయి. ఒక మనిషి మాట ఊరికి వినిపించాలంటే అప్పుడు పక్క జిల్లాకు పోవాలి, ఒక ఆఫీసరు ధైర్యం చెయ్యాలి. ఇప్పుడు ఈ పిల్ల ఇక్కడే కూచొని లోకానికంతా చెప్పొచ్చు. అది నాకు సంతోషమే, ఆ కాలమే మేలనే రకం కాదు నేను. ఒక్కటి మాత్రం తేడా. అప్పుడు ఒక వీధి వీధంతా ఒకే మాట ఒకేసారి విని, ఒకే కిటికీ వైపు చూసింది. ఇప్పుడు ఎవరి చెవికి వాళ్ళది. అందరూ కలిసి తల తిప్పేదానికి ఇంకేదో దారి ఈ పిల్లలే కనిపెట్టాలి, కనిపెడతారు కూడా.

కాగితాల సంగతి చెప్పి, కేసు కాగితంలో ఏముందో చదివి వినిపించినాను. దాచడం నాకు చేతకాలేదు. అంకమ్మ ముఖం గట్టిపడింది. దాన్ని చించెయ్యమంది. చించితే ఆయన్ను ఏమన్నారో, ఏం చేసినారో రేపటివాళ్ళకు తెలియదక్కా అన్నాను. ఆమె కాగితం వైపు వేలు చూపించింది.

"అట్లయితే నేను చెప్పింది ఏడ ఉంది?"

"నువ్వు చెప్పింది లేదక్కా. తుడిచేసినారు."

"మళ్ళీ చెప్తా. దాని పక్కనే పెట్టండి."

శ్రావణి ఫోను తీసింది. ఇష్టం లేకపోతే పేరు బయటపెట్టకుండా కూడా దాచొచ్చని, అట్లాంటి పద్ధతి ఉందని మర్యాదగా వివరించింది. పేరు తీసేస్తే ఎవరు చెప్పినట్టు అని అడిగింది అంకమ్మ. శ్రావణి తన కాగితం మీద ఆమె పేరు రాసుకుంది. ఫోను నేల మీద పెట్టి మీట నొక్కింది.

అంకమ్మ దొంగ అన్న మాట ఎత్తనే లేదు. లింగన్న ఎట్లాంటి మనిషో చెప్పడం మొదలుపెట్టింది. కుక్కకు పెట్టకుండా తాను తినేవాడు కాదంట. తల్లికి జబ్బు చేస్తే వీపున మోసుకొని ఆసుపత్రికి నడిచినాడంట. ఉరుములంటే భయమంట, మబ్బు పడితే పిల్లల మధ్యలో దూరి పడుకునేవాడంట. పెద్దకూతురి పెళ్ళిలో అందరికంటే ముందు ఏడ్చింది ఆయనేనంట. చెబుతా చెబుతా ఆమె ఒకచోట పకపకా నవ్వింది, మనవరాలూ నవ్వింది, ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం అవ్వా అని దగ్గరికి జరిగింది. టీ చల్లారిపోయింది. ప్రసాదు గడియారం చూడటం మానేసినాడు. శ్రావణి, ఆపాలా అన్నట్టు నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపినాను. చెప్పేది ఇంకా చాలా ఉంది.